టాంకు దగ్గర ఉస్తాద్ అన్న మాట

కొన్న చొక్కా మొదటి ఉతుకుకే రంగు వెలిసిందని చెప్పడానికి మొన్న గోదావరిఖనిలో ఒక బట్టల దుకాణానికి పోయాను. యజమాని లేడు, లోపలి గదిలో నేలకు ఏదో పూత వేస్తున్నారు, రేపు రమ్మన్నారు. నేను కదలలేదు. అట్లా మొండిగా నిలబడి ఉండగా ఆ గదిలోంచి వాసన వచ్చింది. ఎండు చేపకూ పశువుల కొట్టానికీ నడుమ ఉండే ఘాటు వాసన. ముక్కు కంటే ముందు కళ్లకు తెలుస్తుంది. తొంగి చూస్తే ఇద్దరు పనివాళ్లు ఒక డబ్బాలోది ఇంకో డబ్బాలోకి వంచి కట్టెతో తిప్పుతున్నారు. నడుమ నాలుగు తిప్పులు తిప్పి నేల మీద పోయబోయారు. "అంచులు గీకి కలుపు నాయనా" అన్నాను. ఈ ముసలాయనకేం పని అన్నట్టు చూశారు. నా నోట్లోంచి వచ్చిన ఆ మాట నాది కాదు, ఖాదర్ ఉస్తాద్‌ది. చొక్కా చేతిలో పట్టుకుని, యజమాని కోసం ఆగకుండానే ఇంటికి వచ్చేశాను. నన్నెరిగినవాళ్లు ఈ సంగతి నమ్మరు.

ఖాదర్ ఉస్తాద్ ఎవరో ఇప్పటివాళ్లకు తెలియదు. డెబ్బైల్లో గోదావరిఖని నుంచి రామగుండం పోయే రోడ్డు పక్కన ఆయనకు రేకుల షెడ్డు ఉండేది. గనుల్లోంచి తోడే నీళ్లు ఇనుమును చెద కట్టెను తిన్నట్టు తింటాయి. పంపులు, పైపుల వంపులు, టాంకులు చూస్తుండగానే బొక్కలు పడేవి. వాటి లోపల రెజిన్ పూసి, దాని మీద గాజు పోగులతో నేసిన బట్ట పరిచి, మళ్లీ రెజిన్ పట్టించి, ఇనుముకు నీళ్లు తగలకుండా తొడుగు వేయడం ఆయన పని. రెజిన్ తేనెలా చిక్కగా ఒక డబ్బాలో వచ్చేది. దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పలచగా, ఆ ఘాటు వాసనతో, ఇంకో డబ్బాలో వచ్చేది. విడిగా ఉన్నంత కాలం రెండూ ఉత్త జిగురునీళ్లే. ఒకసారి కలిపాక మాత్రం వెనక్కి తీసుకునేది లేదు. తొందరగా పూసెయ్యాలి, లేకుంటే డబ్బాలోనే వేడెక్కి పొగలు కక్కి రాయిలా బిగుసుకుంటుంది.

ఆయన నెమ్మదస్తుడేమీ కాదు. ఇస్త్రీ లాల్చీ, కళ్లకు సుర్మా, జేబులో దువ్వెన. పని ముగిసిన పంపును వేలి కణుపుతో కొట్టి, ఆ చప్పుడు విని, "ఈ దిక్కు మొత్తంల గిట్ల ఎవడు చేస్తడు చెప్పు" అని తనను తానే మెచ్చుకునేవాడు. పక్కనున్నవాళ్లం అవునని అనాలి. అనకపోతే మళ్లీ కొట్టి వినిపించేవాడు.

నేను అంతకుముందు బసంత్‌నగర్‌లో లారీలు బాగుచేసే ఒకాయన దగ్గర పనిచేసి, ఆయనతో తగువు పడి వచ్చాను. తగువులో న్యాయం నాదే, కానీ అది ఇక్కడ రాయను. ఉస్తాద్ దగ్గర చేరిన కొత్తలో ఒకనాడు మొదటిసారి రెజిన్ కలపమన్నాడు. గని నుంచి పంపు తెచ్చిన మనుషులు కూడా అక్కడే ఉన్నారు. నేను కట్టెతో శ్రద్ధగా తిప్పుతున్నాను.

"ఏంది రాజేశం, ముద్దపప్పు కలుపుతున్నవా?" అన్నాడు.

"కలిసింది గద ఉస్తాద్."

"నడిమిట్ల కలిసింది. అంచుకు అంటుకున్నది ఎవలు కలుపుతరు? మీ అత్తగారి దిక్కోల్లు వస్తరా?"

అందరూ నవ్వారు. నాకు అప్పుడే పెళ్లయింది. ఆ డబ్బా నా చేతిలోంచి తీసుకుని గోడవతల పారబోశాడు. అంచుల్లో కలవకుండా మిగిలింది ఎక్కడ పడితే అక్కడ జిగటగానే ఉండిపోతుందని, నీళ్లు ఆ చోటే వెతుక్కుని లోపలికి పోతాయని తర్వాత నిదానంగా చెప్పాడు. ఆ నిదానం ముందే ఉండవచ్చు కదా. ఆనాడు నవ్విన ప్రతి ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కానీ ఆయనలో ఇంకొక గుణం ఉండేది. పని దిగాక చేతులు కడుక్కునే చోట నా పక్కన పీట వేసుకుని కూర్చుని, "ఆఁ, చెప్పు నీ శికాయత్" అనేవాడు. శికాయత్ అంటే ఫిర్యాదు. నాకు ఆ పేరే పెట్టాడు. నేను చెప్పేవాణ్ని. హోటల్లో నాకు చల్లారిన చాయ్ ఇచ్చారని, నేను పరిచిన గాజు బట్టను వేరేవాళ్లు తమదన్నారని, మా బావమరిది పెళ్లిలో నన్ను వెనక పంక్తిలో కూర్చోబెట్టారని. ఇంట్లో నా భార్య కూడా ఇవన్నీ వినేది కాదు. ఉస్తాద్ వినేవాడు. మధ్యలో ఆపి, "ఆగు, వాళ్లు అన్నరా, నువ్వు అనుకున్నవా?" అని అడిగేవాడు. కొన్నిసార్లు "గిది నీ తప్పే" అనేవాడు, కొన్నిసార్లు "ఇది మాత్రం అన్యాయం భాయ్" అని తల ఊపేవాడు. ఆయన అన్యాయం అన్నాడంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టేది.

షెడ్డులో ఆయనకు ఒక కట్టడి ఉండేది. కిరసనాయిలు లోపలికి రాకూడదు. మా దిక్కు దాన్ని గ్యాసునూనె అంటారు. బొగ్గు పని దగ్గర పెరిగినవాళ్లకు దాని వాడకం ఎంతగానో తెలుసు. చేతుల మసి పోవాలంటే గ్యాసునూనె, బోల్టు తుప్పు వదలాలంటే గ్యాసునూనె, యంత్రం తుడవాలంటే గ్యాసునూనె గుడ్డ. గని పనివాళ్ల నడుముకో భుజానికో ఆ గుడ్డ ఒకటి ఎప్పుడూ ఉండేది. కానీ అది తుడిచిన చోట కంటికి కనిపించని జిడ్డు మిగులుతుంది. దాని మీద రెజిన్ అంటదు. అంటినట్టే ఉండి, తర్వాత ఊడుతుంది. అందుకే షెడ్డు గుమ్మం దగ్గర సబ్బు, రంపపు పొట్టు, నీళ్ల తొట్టి పెట్టాడు. రంపపు పొట్టుతో చేతులు రుద్దుకుని కడుక్కున్నాకే లోపలికి రావాలి. ఉస్తాద్ కూడా వయసులో ఉన్నప్పుడు గనిలో ఫిట్టరుగా పనిచేశాడు. "నా చేతులకు ఆ అలవాటు పోవటానికి శానా దినాలు పట్టింది. కలల గూడ తుడిచేటోన్ని" అని నవ్వుతూ చెప్పేవాడు.

వానాకాలంలో ఒక గని పైన ఉన్న పెద్ద టాంకు పని వచ్చింది. ఆ గని పేరు రాయను. పైకప్పు లేని ఇనుప టాంకు, నిచ్చెన వేసుకుని లోపలికి దిగాలి. వాన పడకుండా పైన తాటిపత్రి గుడ్డ కట్టుకుని పని మొదలుపెట్టాం. అక్కడ పంపు నడిపే ఓదెలు మాకు తోడు. మంచివాడే కానీ నోరు ఊరుకోదు. మొదటి పూత వేసి, గాజు బట్ట పరిచి, కుంచెతో నడుమ నుంచి అంచులకు ఒత్తి గాలి తీశాం. రెజిన్ తాగిన కొద్దీ ఆ తెల్లటి బట్ట కనిపించకుండా పోయి కింది ఇనుము అద్దంలోంచి కనిపించినట్టు కనిపించేది. అది చూడటం నాకు ఎప్పటికీ విసుగు రాలేదు.

తెల్లారి చూస్తే పూత గట్టిపడింది కానీ మీద మైనం లాంటి పొర వచ్చింది. వాన తేమకు అట్లా వస్తుంది. దాన్ని ఉత్త నీళ్లతో, సబ్బుతో కడిగి, ఆరబెట్టి, ఎమ్రీ కాగితంతో రుద్ది, అప్పుడు రెండో పూత వెయ్యాలి. నేను బకెట్టుతో దిగుతుంటే పైనుంచి ఓదెలు అన్నాడు.

"నీళ్లు తగలొద్దని మందు పూస్తిరి. మల్ల మీరే నీళ్లు పోసి కడుగుడేంది? గ్యాసునూనెతోని ఒక్క తుడుపు తుడిస్తె అయిపాయె."

"నీ పంపు నువ్వు చూసుకో ఓదెలు" అన్నాను.

"అబ్బో, శికాయత్ సాబ్‌కు కోపమచ్చింది."

టాంకు చుట్టూ కడిగాను, ఆరాక రుద్దాను. ఉస్తాద్ నిచ్చెన మీదే నిలబడి చూస్తూ ఉన్నాడు. ఆ మధ్య నుంచి ఆయనకు రెజిన్ పడటం మానేసింది. ఏళ్ల తరబడి ముట్టుకున్న ఒళ్లు ఇక వద్దంటున్నట్టు, వేళ్ల సందుల్లో దద్దుర్లు, కనురెప్పలు ఉబ్బి సగం మూసుకుపోయేవి. దవాఖానలో దాని జోలికి పోవద్దని చెప్పారు. అయినా వచ్చేవాడు. నేను రెండో పూతకు రెజిన్ కలపడానికి అవతలి గదికి పోయాను. తిరిగి వచ్చి, అంచులు గీకి కలిపిన ఆ రెజిన్‌ను ఇద్దరం కలిసి పూశాం. ఎప్పటిలాగే కణుపుతో కొట్టి, విని, మెచ్చుకున్నాడు.

బాగా గట్టిపడనిచ్చి నీళ్లు నింపిన కొన్నాళ్లకు కబురు వచ్చింది. పోయి చూస్తే పైపూత బొబ్బలెత్తి, చీలికలుగా ఊడి, పైపులో ఇరుక్కుంది. నీళ్లు తోడేశారు. ఇంజనీరు వచ్చి ఉన్నాడు. ఓదెలు, ఇంకా కొంతమంది చుట్టూ చేరారు. ఉస్తాద్ ఊడిన ముక్క ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోసారి వాసన చూశాడు. తర్వాత ఇంజనీరు వైపు తిరిగి అన్నాడు.

"సాబ్, గీ తప్పు నాది. నా చేతులతోనే అయింది."

ఇంజనీరు కోస్తా వైపు నుంచి వచ్చినవాడు, మర్యాదస్తుడు. ఉస్తాద్ భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ మనసు నాకు తెలుసండీ. కుర్రాడి తప్పు మీ మీద వేసుకుంటున్నారు. మళ్లీ మీరే చెయ్యండి, నాకు అభ్యంతరం లేదు. అతన్ని మాత్రం ఇంక ఇక్కడికి తీసుకురాకండి."

"లే సాబ్, నిజంగనే నాది."

"సరే సరే, మీదే" అని నవ్వి వెళ్లిపోయాడు.

చుట్టూ ఉన్నవాళ్లు ఉస్తాద్ వైపు దేవుణ్ని చూసినట్టు చూశారు. నా వైపు ఎట్లా చూశారో చెప్పక్కర్లేదు. నేను కడిగాను, రుద్దాను, కలిపాను. ఎక్కడా తప్పు చేయలేదు. తిట్టినా బాగుండేది, ఎదురు చెప్పేవాణ్ని. ఇట్లా క్షమించేస్తే ఏం చెప్పాలి? ఇంజనీరు వెనక పరుగెత్తబోతే ఉస్తాద్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నన్నెందుకు కాపాడుతున్నరు? నేనేం చేసిన?" అన్నాను.

"కాపాడుతలేను రాజేశం. నువ్వు మందు కలపబోయినప్పుడు కుంచెలు సర్దుతుంటె నా చేతులు జిగటైనయి. ఓదెలు భుజం మీది గుడ్డ తీస్కొని తుడుచుకున్న. నిచ్చెన పక్కకు బొగ్గు మసి కనిపించింది. కండ్లు సరిగ తెరుస్తలేవు. అదే గుడ్డతోని తుడిచిన. తుడిచినట్టు గూడ నాకు యాదికి లేదు, ఇగో, ఈ వాసన చూసినంక యాదికొచ్చింది."

నేను నమ్మలేదు. నన్ను చల్లార్చడానికి అంటున్నాడనుకున్నాను. కిరసనాయిలు గడప దాటనివ్వని మనిషి ఆ గుడ్డతో తుడుస్తాడా? ఆయన నన్ను టాంకులోకి దింపాడు. నిచ్చెన ఉన్న వైపు మాత్రమే ఊడింది. నిచ్చెన మీద నిలబడిన మనిషి చెయ్యి ఎంత దూరం పోతుందో అంత మేరే, రెండు పక్కలా విసనకర్ర ఆకారంలో ఊడింది. మిగతా టాంకంతా, నేను కడిగి రుద్దిన ప్రతి చోటా, మేకు పెట్టి పెళ్లగించినా రాలేదు. ఊడిన మేర మీద ఉస్తాద్ తన చెయ్యి ఆనించి, అటూ ఇటూ ఆడించి చూపించాడు. సరిగ్గా సరిపోయింది.

"ఓదెలూ, ఇటు రా. ఇది చూడు" అని ఆయనే కేక వేశాడు. ఓదెలు నిచ్చెన ఎక్కి తొంగి చూశాడు. ఉస్తాద్ మొదటి నుంచి చెప్పాడు. గుడ్డ ఎక్కడ తీసుకున్నాడో కూడా చెప్పాడు.

"నా గుడ్డ ఎవరెవరో తీస్కుంటరు, నాకేమెరుక" అన్నాడు ఓదెలు. తర్వాత నన్ను చూసి, "అదృష్టమంటె నీదే రాజేశం. గసొంటి ఉస్తాద్ ఎవలకు దొరుకుతడు" అన్నాడు.

ఆ తర్వాతి రోజులు నాకు ఇప్పటికీ మింగుడు పడవు. ఉస్తాద్ నన్ను వెంటబెట్టుకుని గని గేటు బయట ఉన్న ఇంజనీరు ఆఫీసుకు పోయి మళ్లీ చెప్పాడు. ఇంజనీరు చాయ్ తెప్పించాడు. ఉస్తాద్‌కు కుర్చీ వేశాడు, నాకు వేయలేదు. "ఇంతగా చెప్తున్నారంటే ఆ కుర్రాడంటే మీకెంత ప్రేమో" అన్నాడు. హోటల్లో పదిమందిలో చెప్పాడు. నమాజు నుంచి వచ్చేవాళ్లతో చెప్పాడు. చెప్పిన ప్రతిచోటా ఆయన పేరు ఇంకాస్త పెరిగింది, నా పేరు ఇంకాస్త పోయింది. నస్పూర్ దాకా పాకింది ఆ కథ. శిష్యుడు టాంకు చెడగొడితే ఆ తప్పు తన నెత్తిన వేసుకున్న ఉస్తాద్ అని. తనను తాను పొగుడుకోనిదే పూట గడవని ఆ మనిషి, జీవితంలో ఒక్కసారి తన తప్పు తాను చెప్పబోతే వినేవాడు లేకపోయాడు.

"ఇంక చెప్పకుండ్రి ఉస్తాద్. మీరు చెప్పినకొద్ది నేను మునుగుతున్న" అన్నాను చివరికి.

"మరి ఊకుంటె అబద్ధమైతది గద" అన్నాడు. ఆయన ముఖం చిన్నబోయింది. నేను అడిగేది న్యాయమని ఆయనకు తెలుసు. ఇవ్వడం ఆయన చేతిలో లేదు.

నన్ను గేటు లోపలికి రానివ్వలేదు కాబట్టి ఊడిన చోట ఆయనే మళ్లీ గీకి పూయాల్సి వచ్చింది. వేరేవాళ్లను పెట్టనన్నాడు. నేను బయట రెజిన్ కలిపి డబ్బా లోపలికి పంపేవాణ్ని. సాయంత్రం నిచ్చెన దిగి బయటికి వచ్చేసరికి ఆయన కళ్లు పూర్తిగా మూసుకుపోయి ఉండేవి. చెయ్యి పట్టుకుని షెడ్డు దాకా నడిపించేవాణ్ని. దారిలో ఎదురైనవాళ్లు, "చూసినవా, ఆ పిల్లగాని కోసం కండ్లు పోగొట్టుకుంటున్నడు" అని నాకు వినపడేటట్టే అనుకునేవాళ్లు. నేను ఆగి జవాబు చెప్పబోయేవాణ్ని. ఆయన నా వేళ్లు గట్టిగా నొక్కేవాడు. "నడువు. నీకెరుక, నాకెరుక" అనేవాడు.

ఆ పని తర్వాత ఆయన మళ్లీ రెజిన్ ముట్టుకోలేదు. కళ్లు బాగయ్యాయి కానీ ఆ వాసన తగిలితే చాలు, ఊపిరి ఆడేది కాదు. షెడ్డు నాకు అప్పజెప్పి నాందేడ్‌లో తమ్ముడి దగ్గరికి పోయాడు. స్టేషన్‌లో రైలు ఎక్కించడానికి వచ్చినవాళ్లతో ఆఖరిసారి కూడా చెప్పాడు. "భాయ్, ఆ టాంకు నేను చెడగొట్టిన. రాజేశం కాదు." అందరూ కళ్లు తుడుచుకున్నారు. నేను పక్కనే నిలబడి పళ్లు కొరుక్కున్నాను. ఆయన నా వైపు చూసి భుజాలు ఎగరేశాడు. రైలు కదిలాక నాకు ఏడుపు వచ్చింది. అదెందుకో కూడా వాళ్లు తప్పుగానే అర్థం చేసుకుని ఉంటారు.

రామకృష్ణాపూర్ నుంచి, నస్పూర్ నుంచి పనులు వచ్చాయి. నేను వేసిన తొడుగులు ఏళ్లకేళ్లు నిలిచాయి. ఆ గని నుంచి కూడా తర్వాత పిలుపు వచ్చింది. ఆ తప్పు నాది కాదని ముందు ఒప్పుకోండి, అప్పుడు వస్తానన్నాను. పిలవడానికి వచ్చినవాళ్లు నవ్వి, ఇంకొకరిని చూసుకున్నారు. నేను ఆ గేటు లోపల మళ్లీ అడుగు పెట్టలేదు. ఉస్తాద్ పోయాడని కబురు తెలిసేసరికి మట్టి ఇవ్వడం కూడా అయిపోయింది. నన్ను పిలవాలని ఎవరికీ తోచలేదు. అది వేరే కథ, దాన్నీ నేను మరిచిపోలేదు.

ఇప్పుడు ఓదెలు లేడు, ఇంజనీరు ఎక్కడున్నాడో తెలియదు. అయినా పాత మనుషులు కలిస్తే ఆ కథ వస్తుంది. నేను ప్రతిసారీ ఆపి సరిచేస్తాను. ఇంత వయసొచ్చినా ఆ పంతం వదలవా అంటారు. నా పేరు కోసమే అనుకుంటారు. మొదట్లో నా పేరు కోసమే. ఇప్పుడు అంతే కాదు. వేరేవాళ్ల తప్పు నెత్తిన వేసుకునే పెద్దమనుషులు ఉంటారు, దానికి పొగడ్త దొరుకుతుంది. పదిమంది గొప్పవాడనుకునే మనిషి, వాళ్ల ముందే నిలబడి, తానే నేర్పిన కట్టడిని తన చేతులే తప్పాయని చెప్పడం నేను ఒక్కసారే చూశాను. దాన్ని తీసి వాళ్లు ఈ చిల్లర మంచితనం ఆయన మెడలో వేశారు. నేను మాట్లాడకుంటే అదే ఆయనకు మిగులుతుంది.

అందుకే చెప్తూనే ఉంటాను. ఆనాడు ఎవరూ నమ్మకపోయినా, చెప్పిన ప్రతిచోటా మేము ఇద్దరం ఉండేవాళ్లం. ఆయన చెప్పేవాడు, నేను పక్కన నిలబడేవాణ్ని. ఇప్పుడూ అవే మాటలు, అదే వరసలో చెప్తాను. నిచ్చెన దాకా వచ్చేసరికి ఒక్కోసారి ఆగి పక్కకు చూస్తాను. వినేవాళ్లు నేను మాట మరిచిపోయాననుకుని అందించబోతారు.